మూడో డ్రమ్ము

తెల్లవారి ఐదింటికి సొహార్‌లో గాలి
తడిగుడ్డలా ముఖాన పడుతుంది.
క్లినిక్ గేటు దగ్గర ఖమీస్ గారి కారు
నెత్తిన ఎర్రబోర్డు పెట్టుకుని
నాకోసం గురగురలాడుతూ ఉంటుంది.
ఎక్కేవాడి భయం గుర్రానికి తెలుస్తుందంటారు.
కారుకీ తెలుస్తుందని నా అనుమానం.

నెలల పిల్లల చేతిలో
దారప్పోగంత నరం వెతికి
సూది దించే చెయ్యి నాది.
పదిహేడేళ్ళలో ఒక్కసారీ తడబడలేదు.
గేరు మీద పెడితే మాత్రం
వానలో తడిసిన కోడిపిల్ల.

ఇక్కడ అన్నీ తిరగేసినట్టుంటాయి.
అన్నం తినే చెయ్యి గేరుకి,
చక్రం మీద పెత్తనం ఎడమచేతికి.
నలభై ఒక్కేళ్ళ కాళ్ళు ఒమన్ వచ్చేశాయి గానీ
మెదడింకా రాజోలు బస్సులో
కిటికీ పక్కన కూర్చునే ఉంది.

"ష్వయ్ ష్వయ్, ఎస్తేర్" అంటాడు ఖమీస్.
నెమ్మది, నెమ్మది.
బలూచీ ముసలాయన.
హిందీ, అరబ్బీ కలిపి పిసికిన పిండి ఆయన మాట.
ఖర్జూరం గింజ బుగ్గన పెట్టుకుని
రోడ్డువార మేకల్ని చూస్తుంటాడు.
పాదం మాత్రం తన వైపు బ్రేకు మీదే.
గంటకు ఎనిమిది రియాళ్ళు
ఆ పాదానికే ఇస్తున్నాను నేను.

వాలు మీద ఆపి, వెనక్కి జారకుండా లేవాలి.
ఇంజనుకి బలం చాలదని ఏసీ కట్టేస్తాడు.
క్లచ్చి సగం వదలమంటాడు.
ఎంత సగం?
పులుసులో ఉప్పెంతని అడిగితే
మా అమ్మ చెప్పినట్టే చెబుతాడు:
తగినంత.

రాత్రి దుప్పటి కింద ఎడమకాలు
తొక్కుతూ, వదులుతూ ఉంటుంది.
పక్క మంచం మీంచి షైనీ చీకట్లో అడుగుతుంది,
"చేచీ, ఎక్కడిదాకా వచ్చారు?"
"రౌండబౌట్ దగ్గర," అంటాను.
"ఎవరూ దారివ్వడం లేదు."

మూడో టెస్టు.
డ్రమ్ముల మధ్యకి వెనక్కి దూరాలి.
పోలీసాయన ఫైలు మోకాలి మీద పెట్టుకున్నాడు.
నా వెనక వరసలో
మీసాలు సరిగా రాని కుర్రాళ్ళు.
అద్దంలో డ్రమ్ములు మనుషుల్లా నిలబడ్డాయి.
ఒకటి మా హెడ్ సిస్టరు.
ఒకటి, "నీకు సైకిలే రాదు కదే" అన్న మా బావ.
మూడోది ఎవరో పోల్చుకునేలోపు
డుమ్ము.

దిగాను.
పడ్డ డ్రమ్ముని లేపమని ఎవరూ అనలేదు.
నేనే వంగాను.
ఒంటిచేత్తో లేచొచ్చింది.
లోపల ఏమీ లేదు.
గుప్పెడు ఇసుక, నలిగిన కోలా డబ్బా.
ఏడు నెలలుగా నా నిద్రలో
దొర్లుతున్నది ఇదా?

"ఖలాస్" అన్నాడు పోలీసాయన.
కోపమేం లేదు, ఫైలు మూశాడంతే.
ఖమీస్ ఫ్లాస్కు తీసి కహ్వా పోశాడు.
చేదుగా ఉంది. రెండోది కూడా తాగాను.

తిరిగొచ్చే టాక్సీలో వెనక నిండిపోయి
ముందు సీటే మిగిలింది.
రౌండబౌట్ రాగానే నా కుడికాలు
లేని బ్రేకుని పట్టా మీద గట్టిగా తొక్కింది.
డ్రైవరు చూశాడు.
"ఎన్నోసారి?"
మూడు వేళ్ళు చూపించాను.
ఆయన ఉత్సాహంగా
ఒక చేతివి ఐదు వేళ్ళూ,
ఇంకో చెయ్యి కూడా వదిలేసి ఇంకో వేలూ...

"చెయ్యి! చెయ్యి స్టీరింగ్ మీద!"
తెలుగులోనే అరిచాను.
అర్థమైనట్టే ఉంది, పెట్టేశాడు.
వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎడమవైపు తెల్లకారు వస్తోంది," అన్నాను,
ఈసారి హిందీలో.

ఆయన ఆగాడు.